అక్షరాల వరసలో ఒక ఊరు

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో మెల్విల్ నుంచి సస్కటూన్ వైపు పోయే రైలు దారి మీద ఊళ్ళ పేర్లు ఇంగ్లిషు అక్షరమాల వరసలో ఉంటాయి. ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెల్లిహర్ అని చదువుకుంటూ పోతే, నడుమ ఒకటి రెండు చోట్ల వరస తప్పినా, సెమన్స్, టేట్, ఉండోరా, వెన్, వాట్రస్, ఎక్స్‌తో మొదలయ్యే జీనా, యంగ్, జెల్మా దాకా వస్తాం. అక్కడ అక్షరాలు అయిపోతాయి కనుక అలన్, బ్రాడ్‌వెల్, క్లావెట్ అని మళ్ళీ మొదటికి వస్తాం. 1907, 1908 ప్రాంతాల్లో గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ అనే రైలు కంపెనీ ఈ దారి వేసినప్పుడు, పటం మీద ముందు చుక్కలు పెట్టి, చుక్కలకు పేర్లు పెట్టి, ఆ తర్వాతనే జనాన్ని రప్పించుకుంది. ఆ కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ మెల్విల్ హేస్ 1912లో టైటానిక్ ఓడలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కంపెనీ కూడా కొన్నేళ్ళకే దివాలా తీసి ప్రభుత్వ రైల్వేలో కలిసిపోయింది. ఉండోరా, జీనా లాంటి చోట్ల ఇప్పుడు పేరు తప్ప పెద్దగా మిగిలిందేమీ లేదు.

నేను తాండూరు దగ్గరి ఒక పల్లెలో కంది రైతు కొడుకును. 2012 నుంచి 2018 దాకా ఆ అక్షరాల వరసలోని ఒక ఊరిలో, పప్పుధాన్యాలు శుభ్రం చేసి ఎగుమతి చేసే మిల్లులో నాణ్యత పరీక్షించే ఉద్యోగం చేశాను. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మూడు వందల మంది కూడా లేని చోట ఊరి పేరు చెబితే ఇంటి నంబరుతో సహా మనుషులను చూపించినట్టే అవుతుంది.

ఊళ్ళు ఎనిమిది పది మైళ్ళకొకటి చొప్పున ఎందుకున్నాయో మొదట్లో నాకు అర్థం కాలేదు. ఒక ఊరు దాటగానే ఇంకొకటి కనబడేది, దానిలోనూ ఓ చర్చి, ఓ కమ్యూనిటీ హాలు, తలుపులు మూసిన ఓ హోటలు, అంతే. మిల్లులో నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పిన తర్వాత తెలిసింది. గుర్రపు బండిలో గోధుమలు వేసుకుని తెల్లవారి బయలుదేరిన రైతు, రైలు పక్కనున్న ఎలివేటర్‌లో అమ్ముకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరగలగాలి. ఆ బండి ప్రయాణాన్ని కొలతగా పెట్టుకుని ఊళ్ళను నాటారు. ఎలివేటర్ అంటే ధాన్యాన్ని పైకి ఎత్తి అరల్లో నిలవచేసి వ్యాగన్లలోకి దించే ఎత్తైన చెక్క కట్టడం. 1930లలో ఆ ఒక్క రాష్ట్రంలోనే అలాంటివి మూడు వేలకు పైగా ఉండేవి. లారీలు వచ్చిన నాడే ఆ కొలతకు అర్థం పోయింది గాని, ఊళ్ళకు ఆ సంగతి తెలిసి రావడానికి మరో యాభై, అరవై ఏళ్ళు పట్టింది.

భూమి పంపకం కూడా గీతలు గీసి చేసిందే. 1872 నాటి చట్టం ప్రకారం పది డాలర్ల రుసుము కట్టి, మూడేళ్ళు అక్కడే కాపురముండి, కొంత నేల సాగులోకి తెచ్చినవాడికి 160 ఎకరాలు రాసిచ్చారు. మైలుకు మైలు చొప్పున కోసిన చతురస్రాన్ని సెక్షన్ అంటారు, అందులో పావు భాగం ఈ 160 ఎకరాలు. మా వైపు 160 ఎకరాలంటే దొర భూమి. అక్కడ అది ఒక పేద యుక్రేనియన్ కుటుంబం మట్టి గుడిసె వేసుకుని మొదలుపెట్టిన బతుకు. 1931 నాటికి తొమ్మిది లక్షల ఇరవై వేల జనాభాతో సస్కాచెవాన్ దేశంలో ఒంటారియో, క్యుబెక్‌ల తర్వాత మూడో స్థానంలో ఉండేది. అప్పుడే కరువు, దుమ్ము తుఫానులు, ప్రపంచమంతటా ధరల పతనం ఒక్కసారిగా మీదపడ్డాయి. తొంభై ఏళ్ళ తర్వాత, 2021 లెక్కల్లో, రాష్ట్ర జనాభా పదకొండు లక్షల ముప్పై వేలు దాటిందంటే పెరిగినట్టే కనబడుతుంది గాని, అందులో దాదాపు సగం సస్కటూన్, రెజైనా నగరాల్లోనూ వాటి చుట్టుపట్లా ఉన్నారు. 1936లో లక్షా నలభై రెండు వేలకు పైగా ఉన్న వ్యవసాయ క్షేత్రాలు 2021 నాటికి ముప్పై నాలుగు వేలకు దిగాయి, ఒక్కొక్కటి సగటున పదిహేడు వందల ఎకరాలు దాటింది. సాగయ్యే నేల తగ్గలేదు, దాన్ని చూసుకునే ఇళ్ళు తగ్గాయి. నలుగురు అన్నదమ్ముల పొలాలను ఇప్పుడు ఒక మేనల్లుడు, ఇద్దరు జీతగాళ్ళు, జీపీఎస్‌తో నడిచే యంత్రాలు కలిసి చేస్తున్నారు.

ఇదంతా నాకు మొదటి చలికాలంలో తెలియదు. తెలిసిందల్లా చలి ఒక్కటే. రాత్రి కారు ఇంజనుకు కరెంటు ప్లగ్గు పెట్టి పడుకోకపోతే తెల్లారి అది కదలదని, మైనస్ ముప్పై ఐదు దాటితే ముక్కులోని తడి గడ్డకట్టి లోపల చిటపటమంటుందని, నిలబడి మాట్లాడుకోవడం అనేది అక్కడ వేసవి పని అని తెలిసింది. ఎవరూ కనబడరు గాని అందరికీ అన్నీ తెలుసు. వచ్చిన వారంలోనే పోస్టాఫీసులో ఉండే ఆవిడ నాకు పెట్టె తాళం చెవి ఇస్తూ, మీ ఆవిడ ఎప్పుడు వస్తోంది, వంటింటి గొట్టం బాగుచేయించారా అని అడిగింది. గొట్టం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ గొట్టం బాగుచేసినవాడే ఊరి అగ్నిమాపక దళంలో ఒకడు, గ్రామ మండలిలో సభ్యుడు, శనివారాలు రింకులో, అంటే మంచు మీద ఆటలాడే హాలులో, మంచును చదునుచేసే యంత్రం నడిపేవాడు. పోస్టాఫీసావిడే మధ్యాహ్నం గ్రంథాలయం తెరిచేది, ఆదివారం చర్చిలో వాద్యం వాయించేది. మనుషులు తగ్గేకొద్దీ పనులు తగ్గవు కదా, ఉన్నవాళ్ళ మీదికే వచ్చి చేరతాయి. నేను కర్లింగ్ ఆటలోకి వెళ్ళింది కూడా అలాగే. మంచు మీద బరువైన గ్రానైటు రాయిని జారవిడిచి, దాని ముందు చీపుళ్ళతో ఊడ్చుకుంటూ గమ్యం చేర్చే ఆట అది. జట్టుకు నలుగురు కావాలి. ఒక సాయంత్రం పక్కింటి రైతు తలుపు తట్టి, మేము ముగ్గురమే ఉన్నాం, నీకు చేతులు రెండూ పనిచేస్తాయా అని అడిగాడు. నాకు ఆట రాదన్నాను. అది తాను అడగలేదన్నాడు. మొదటిసారి రాయిని వదిలినప్పుడు రాయి అక్కడే ఉండి నేను ముందుకు జారిపోయాను. నవ్వారు, లేపారు, మర్నాటి ఆటకు వేళ చెప్పారు. హైదరాబాదులో ఎనిమిదేళ్ళు ఒకే అపార్టుమెంటులో ఉన్నాను, నేను రాకపోతే ఆగిపోయే పని ఒక్కటీ అక్కడ లేదు. ఈ ఊరిలో మంగళవారం రాత్రి నాకు జ్వరం వస్తే ఎనిమిది మంది ఆట ఆగేది. ప్రెయిరీ అనే ఆ గడ్డి మైదానాల పల్లెల ఆకర్షణ ఏమిటని అడిగేవారికి ఆకాశం గురించి, నిశ్శబ్దం గురించి అందరూ చెబుతారు. నేను మాత్రం ఈ నాలుగో మనిషి సంగతే ముందు చెబుతాను.

పొద్దున పది గంటలకు కో-ఆప్ దుకాణం మూలన రైతులు చేరి కాఫీ తాగే కూటమిని అక్కడ కాఫీ రో అంటారు. బిల్లు ఎవరు కట్టాలో పాచికలు వేసి తేలుస్తారు. వాన, డీజిలు ధర, పక్కవాడి పొలంలో విత్తనం వంకరగా పడిన వరస, హాకీ, ఇవే విషయాలు. వంకర వరస మీద ఎక్కువసేపు మాట్లాడతారు, ఎందుకంటే అది వేసవంతా రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడుతుంది. తండ్రి వయసున్నవారిని పేరు పెట్టి పిలవడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు, అందుకని పిలవకుండానే వాక్యం మొదలుపెట్టడం నేర్చుకున్నాను. వాళ్ళు అది గమనించారనే అనుకుంటాను. కో-ఆప్ సభ్యత్వ సంఖ్య చెప్పి సరుకు కొనడం అక్కడి అలవాటు. ఫోన్ నంబరు మరిచిపోయిన ముసలివారు కూడా తండ్రి నుంచి వచ్చిన ఆ సంఖ్యను తడుముకోకుండా చెప్పేవారు.

ఇక పప్పు సంగతి. మన ఇళ్ళలో ఉడికే మసూర్ పప్పు, ఎర్రపప్పు అని కొందరంటారు, అందులో చాలా భాగం ఈ నేల నుంచే వస్తుందని చాలామందికి తెలియదు. ప్రపంచంలో మసూర్‌ను అత్యధికంగా ఎగుమతి చేసే దేశం కెనడా, అందులోనూ దాదాపు అంతా సస్కాచెవాన్‌దే. 1970ల మొదట్లో సస్కటూన్‌లోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయానికి వచ్చిన ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త ఈ పంటను అక్కడికి తగినట్టు మలిచాడు. ఆయన 1978లో విడుదల చేసిన లేర్డ్ అనే రకంతో సాగు ఊపందుకుంది. అంతకుముందు రైతులు తేమ నిలవడానికి ఒక ఏడాది పొలాన్ని ఖాళీగా వదిలేసేవారు. పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని వేళ్ళలో పట్టుకుంటుంది కనుక, ఖాళీగా వదిలే బదులు మసూర్ వేయడం మొదలుపెట్టారు. చెట్టు మోకాలి ఎత్తు కూడా పెరగదు, కాయలు నేలను అంటుకుని ఉంటాయి. అందుకని విత్తిన తర్వాత బరువైన రోలరుతో నేలంతా అణచి, హిమనదాలు వదిలిపోయిన రాళ్ళను లోపలికి నొక్కుతారు. లేకపోతే కోతయంత్రం దంతాలు విరుగుతాయి.

నా పని లారీలోంచి గొట్టంతో తీసిన నమూనాతో మొదలయ్యేది. తేమ 14 శాతం దాటిందా చూడడం, జల్లెడ పట్టడం, తెల్లటి దీపం కింద పళ్ళెంలో పరిచి పట్టకారతో మచ్చపడ్డ గింజలను, పొట్టు లేచినవాటిని, బద్దలైనవాటిని, మట్టిబెడ్డలను వేరుచేసి తూకం వేయడం. దాని మీదే ఒకటో రకమా, రెండో రకమా, మూడో రకమా అన్నది తేలేది, దాని మీదే ఆ కుటుంబానికి ఆ ఏటి లెక్క తేలేది. రైతు కిటికీ అవతల టోపీ చేత పట్టుకుని నిలబడేవాడు, నా పట్టకార వైపే చూసేవాడు. తాండూరు మార్కెట్లో వ్యాపారి మా నాయిన కందులను గుప్పిట్లోకి తీసుకుని ఊది చూస్తుంటే నాయిన నిలబడిన తీరు నాకు బాగా తెలుసు. అందుకని పళ్ళెం కిటికీ వైపు జరిపి, వాళ్ళకు కనబడేలా ఏరేవాణ్ణి. మిల్లు యాజమాన్యానికి అది అంత నచ్చలేదు గాని వద్దనీ అనలేదు.

వింత ఏమిటంటే, ఇరవై ఏళ్ళుగా మసూర్ పండిస్తున్నవారు దాన్ని తిని ఎరుగరు. అక్టోబరులో కోతలు ముగిశాక కమ్యూనిటీ హాలులో ఫౌల్ సప్పర్ అనే ఊరుమ్మడి భోజనం పెడతారు. టర్కీ కోడి, క్యాబేజీ ఆకులో చుట్టిన అన్నం, యుక్రేనియన్లు పిండిలో బంగాళాదుంప కూరి ఉడికించే పెరోగీలు, సస్కటూన్ అనే చిన్న పండ్లను పిండిలో పెట్టి కాల్చిన పైలు, అన్నీ ఇళ్ళలో చేసి తెస్తారు, చుట్టుపక్కల ఊళ్ళవారు టికెట్లు కొనుక్కుని వస్తారు. నా భార్య వచ్చిన ఏడు, వాళ్ళు పండించిన పప్పునే వాళ్ళకు వండి పెడదామంది. హాలు వంటింట్లో పెద్ద గిన్నెలో పప్పు ఉడికింది, బాగానే ఉంది. నూనె కాగిన తర్వాత జీలకర్ర, వెల్లుల్లి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసింది. ఆ ఘాటు హాలంతా పరుచుకుంది, ముందు వరసలోని ముసలమ్మలు దగ్గడం మొదలుపెట్టారు, ఆ వెంటనే పొగ అలారం మోగింది. అలారం మోగితే రావలసిన అగ్నిమాపక దళం అంతా అప్పటికే పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడి ఉంది. ఒకాయన కుర్చీ ఎక్కి దాన్ని ఆపి, దిగి, మళ్ళీ తన చోటుకే వచ్చి నిలబడ్డాడు. పప్పు మొత్తం ఖాళీ అయింది. కిటికీ అవతల టోపీ పట్టుకుని నిలబడే రైతు ఒకాయన రెండోసారి వడ్డించుకుని, ఇది నిజంగా నా పొలంలోదేనా అని అడిగాడు. కావచ్చు, ఒకటో రకం అన్నాను.

అందచందాల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆ నేలకు అన్యాయం చేసినట్టవుతుంది. కార్ల నంబరు పలకల మీద సజీవ ఆకాశాల నేల అని రాసి ఉంటుంది, అది ప్రచారం కోసం రాసిందే అయినా అబద్ధం మాత్రం కాదు. అదే రైలు దారి మీది నోకోమిస్ ఊరికి అవతల లాస్ట్ మౌంటెన్ సరస్సు ఉత్తరపు కొసన 1887లోనే పక్షుల రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేశారు, ఉత్తర అమెరికా ఖండంలో అదే మొదటిది. సెప్టెంబరు చివర అక్కడ బూడిదరంగు క్రేన్ పక్షులు వేలకు వేలు దిగుతాయి. కోసిన పొలాల్లో రాలిన గింజలు తిని, సాయంత్రానికి నీళ్ళ మీదికి తిరిగి వస్తుంటే వాటి అరుపు మైళ్ళ దూరం వినబడుతుంది. వాట్రస్ పక్కనున్న లిటిల్ మానిటూ సరస్సు నీళ్ళలో లవణాలు ఎంత ఎక్కువంటే ఈత రానివాణ్ణి నేను కూడా వెల్లకిలా తేలిపోయాను. దాని ఒడ్డునే డాన్స్‌ల్యాండ్ అనే పాత నృత్యశాల ఉంది. మేపుల్ చెక్క నేల కింద గుర్రపు వెంట్రుకలు దట్టించి కట్టారు, నడిస్తేనే కాలు కింద అది కొద్దిగా లోపలికి పోయి పైకి లేస్తుంది. డెబ్బై దాటిన జంటలు శనివారం రాత్రి పోల్కా ఆడుతుంటే నేల ఊగడం నేను అరికాళ్ళతో చూశాను. అన్నట్టు వాట్రస్ దగ్గరే 1939 నుంచి జాతీయ రేడియో ప్రసార కేంద్రం ఒకటి ఉంది. 540 మీద పెడితే ఎక్కడో సరిహద్దు దాకా కారులో పోయినా ఆ గొంతు వదలదు, నేలలోని లవణాలే దానికీ కారణమని చెబుతారు.

జనం తగ్గిపోతున్నారన్న మాట మాత్రం అందరి విషయంలో నిజం కాదని అక్కడున్నప్పుడే గ్రహించాను. అదే రైలు దారి మీద పున్నిచీ, లెస్టాక్ దగ్గర ఆదివాసీ రిజర్వులు ఉన్నాయి. ఖాళీ నేల అని చెప్పి పంచిపెట్టినదంతా ప్రభుత్వంతో కుదిరిన 1874 నాటి నాలుగో ఒప్పందానికి ముందు వాళ్ళు అడవిదున్నల వెంట తిరిగిన నేలే. దున్నలు దాదాపు అంతరించి, తిండికి లేక, రిజర్వులకు పరిమితమైన తర్వాత వాళ్ళ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పెట్టిన గురుకుల బడులు పున్నిచీ దగ్గర 1996లోనూ, లెస్టాక్ దగ్గర 1997లోనూ మూతపడ్డాయి, అంటే నేను తాండూరులో చదువుకుంటున్న రోజుల్లో. మా ఊరి కాఫీ బల్ల దగ్గర ఆ విషయం ఎత్తితే మాట వానల మీదికి మళ్ళేది. ఇవాళ ఆ రిజర్వుల్లో పిల్లలు, యువకులు ఎక్కువ. నూరేళ్ళ పండుగలు చేసుకుని ఖాళీ అవుతున్న పల్లెల పక్కన పెరుగుతున్నది వాళ్ళే. ప్రెయిరీ పల్లెల మీద దిగులుగా రాసేవారు ఈ భాగం వదిలేస్తారు, అది నాకు సరిగా తోచదు.

నేనున్న కాలంలోనే ఊరి చివరి చెక్క ఎలివేటర్‌ను కూల్చారు. దానికి కారణం 1995లో మొదలైంది. రైల్వే కిరాయిలను తక్కువగా ఉంచుతూ 1897 నుంచి ఏదో ఒక రూపంలో నడిచిన క్రో రాయితీని ఆ ఏడు ఎత్తేశారు. ధాన్యం ఓడరేవుకు చేర్చే ఖర్చు రైతు మీద పడింది, చిన్న రైలు శాఖలు మూతపడ్డాయి, కంపెనీలు అరవై, ఎనభై కిలోమీటర్లకొకటి చొప్పున కాంక్రీటు గిడ్డంగులు కట్టుకుని చెక్కవాటిని వదిలేశాయి. వాటితో పాటు ఊరికి వచ్చే పన్ను కూడా పోయింది. కూల్చేనాడు జనం మడత కుర్చీలు తెచ్చుకుని రోడ్డవతల కూర్చున్నారు. అడ్డంగా పేర్చి మేకులు కొట్టిన చెక్కలు కావడంతో అది తొందరగా పడలేదు, యంత్రం ఒక వైపంతా కొరికేసినా నిలబడే ఉంది. ఒకప్పుడు దాని మేనేజరుగా పనిచేసిన పెద్దాయన, ఆ మేకులు ఎన్ని బస్తాలు పట్టాయో తన తండ్రి చెప్పిన లెక్క చెబుతూ కూర్చున్నాడు. చివరికి అది పక్కకు ఒరిగి పడినప్పుడు దుమ్ములో పాత గోధుమల వాసన వచ్చింది, వందల కొద్దీ పావురాలు లేచి ఎక్కడ వాలాలో తెలియక చక్కర్లు కొట్టాయి. ఇంటికి దారి చెప్పేటప్పుడు ఎలివేటర్ దాటి రెండో మలుపు అనడం మాత్రం ఊరివాళ్ళు మానలేదు.

ఇంకా పోయినవి ఉన్నాయి. 1993లో రాష్ట్ర ప్రభుత్వం ఒక్కసారే 52 చిన్న ఆస్పత్రులను మూసేసింది. దేశానికి ఉచిత వైద్యం నేర్పిన రాష్ట్రం, 1962లో ఆ పథకాన్ని మొదటగా అమలు చేసిన రాష్ట్రం, తన పల్లెలకు ఆస్పత్రులు లేకుండా చేసుకుందని పెద్దవాళ్ళు అప్పటికీ బాధపడేవారు. 1946 నుంచి ఊరూరా తిరిగిన ప్రభుత్వ బస్సు సంస్థను 2017 మే నెలాఖరుతో ఆపేశారు. సగం ఖాళీగా తిరుగుతున్న మాట నిజమే. అయితే ఆ ఖాళీ సీట్ల కింద కోతయంత్రాల విడిభాగాలు, గ్రంథాలయ పుస్తకాలు ప్రయాణం చేసేవి, పై సీట్లలో సస్కటూన్‌కు క్యాన్సరు వైద్యానికి పోయే ఒంటరి ముసలివారు ఉండేవారు. నా భార్యకు డ్రైవింగ్ వచ్చేదాకా బయటి లోకానికి ఆ బస్సే దారి. ఆమెకు ఆ ఊరు నాకు తోచినంత ముచ్చటగా తోచలేదని కూడా ఒప్పుకోవాలి. మిల్లులో నాకు పదిమంది, ఇంట్లో ఆమెకు కిటికీ. నవంబరు నుంచి మార్చి దాకా కొత్తిమీర కట్ట కోసం గంటన్నర ప్రయాణం, గుడికి ఇంకా దూరం. పల్లెల అందం గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఇంటి బయట పని ఉన్నవాళ్ళే అయి ఉంటారని ఆమె అంటుంది.

2017 తొలి నెలల్లో నాయిన ఫోన్ చేశాడు. "కందులకు మద్దతు ధర 5,050 అని బోర్డు పెట్టిన్రు గాని బిడ్డా, కొనేటోడు నాలుగు వేలు దాటుతలేడు. మీ దేశం పప్పు ఓడలల్ల దిగుతుందంట గదా" అన్నాడు. అంతకుముందు ఏడు ధర బాగా పలికిందని అందరూ కంది వేశారు, పంట విరగకాసింది, ధర కూలింది. ఆ ఏడాది నవంబరులో భారత ప్రభుత్వం దిగుమతయ్యే బఠానీల మీద 50 శాతం, డిసెంబరులో మసూర్, శనగల మీద 30 శాతం సుంకం వేసింది. మర్నాడు కాఫీ బల్ల దగ్గర పాచికలు వేసే పెద్దాయన నా వైపు తిరిగి, "చూశావా, మీ దేశం ఏం చేసిందో" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, వాన పడలేదన్నట్టే అన్నాడు. అందరి చూపులూ నా మీదే ఉన్నాయి. మా నాయిన కంది ధర సంగతి చెప్పాను. ఎకరాకు ఎంత పండుతుంది, ఎన్ని ఎకరాలు అని అడిగారు. నాలుగెకరాలు అన్నాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకాయన, మరి దానికి సుంకం వేయక ఏం చేస్తారు అన్నాడు. సుంకం వల్ల ఆ ఏడు ఎక్కువ నష్టపోయినవారిలో ఆయనా ఒకడు.

మిల్లు రెండు షిఫ్టుల నుంచి ఒకటికి వచ్చింది, తర్వాత వారానికి మూడు రోజులకు వచ్చింది. 2018 వేసవిలో మేము రెజైనాకు వచ్చేశాం. మా అమ్మాయి వెళ్ళిపోవడంతో బడిలో రెండు తరగతులు కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టవలసి వచ్చిందని తర్వాత విన్నాను. మేము ఊరు విడిచే ముందు వసంతంలో పక్కింటి రైతు కూడా పొలం పనులు మానుకుని వేలం పెట్టాడు. అలాంటి వేలాలు అక్కడ విత్తనాలకు ముందే జరుగుతాయి. పెరట్లో పెద్ద యంత్రాల నుంచి చిన్న సుత్తుల దాకా వరసగా పేర్చారు, చిన్నచిన్న సామాను పలకబండి మీద కుప్పలుగా పోసి కుప్పకు ఇంత అని పాడారు. చర్చి ఆడవాళ్ళు ఒక మూలన పైలు అమ్మారు. తన తాత యుక్రేన్ నుంచి తెచ్చిన కొడవలిని ఆ కుప్పలోనే వేశాడాయన. కొడుకులు ముగ్గురూ కాల్గరీ నగరంలో ఉన్నారు, వద్దన్నారట. దాన్ని నేను పాడి కొన్నాను, నాకు పోటీగా పాడినవాడు మా కర్లింగ్ జట్టులోని మూడో మనిషి. నేను కొంటున్నానని చూసి ఆపేశాడు.

మా ఇల్లు అమ్ముడుపోవడానికి ఏడాదికి పైగా పట్టింది, వచ్చిన ధరకు రెజైనాలో ఒక మాదిరి కారు వస్తుంది. కొన్నది వృద్ధాశ్రమంలో నర్సుగా చేరిన ఫిలిప్పీన్స్ అమ్మాయి కుటుంబం. ఒకప్పుడు ఆ పల్లెలన్నిటిలోనూ చైనావాళ్ళ కెఫేలు ఉండేవి. ఇప్పుడు దారిన పోయేవారు బసచేసే మోటలు ఒక గుజరాతీ కుటుంబానిది, పెట్రోలు బంకులో కేరళ కుర్రాడు, రింకులో యంత్రం నడిపేది ఆ నర్సు భర్త. వాళ్ళ పిల్లలు ముగ్గురు బడిలో చేరారు కనుక తరగతులు మళ్ళీ విడగొట్టే మాట నడుస్తోంది. వాళ్ళు ఎన్నాళ్ళు ఉంటారో చెప్పలేం, మేమూ ఉండలేదు. అయినా కర్లింగ్ జట్లు నిండాయి.

పోయిన చలికాలంలో పక్కింటి రైతు ఫోన్ చేసి ఊరి కబుర్లు చెప్పాడు. ఇప్పుడాయన పొలం లేకపోయినా ఊళ్ళోనే ఉన్నాడు, గ్రామ మండలిలో ఆయనదే పెద్ద గొంతు. ఊరికి సొంత మండలి నడిపే స్తోమత లేదు కనుక దాన్ని రద్దు చేసి చుట్టూ ఉన్న పొలాల పాలన చూసే గ్రామీణ పురపాలికలో కలపాలన్న ప్రతిపాదన వచ్చిందట. అలా కలిసిపోయిన ఊళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. నీళ్ళ గొట్టాలు, రోడ్ల మీది మంచు, చెత్త బండి, అన్నిటి మీదా అంగీకారం కుదిరిందట. రింకు కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న ఒక్క విషయం మీద మాత్రం సమావేశం రెండుసార్లు వాయిదా పడింది. మూడోది మార్చిలో అన్నాడు, అప్పటికి ఎలాగూ మంచు కరుగుతుంది కనుక ఈ ఏటికి బిల్లు మండలే కడుతోందట.